వీల్ అడాప్టర్ చేయిస్తున్నారా? బోర్ అంచుకి చాంఫర్ అడగండి

స్విఫ్ట్‌కి వీల్స్ బయటికి రావాలని లేత్ మీద అడాప్టర్ (హబ్‌కీ వీల్‌కీ మధ్య బిగించే దిమ్మ) చేయించేవాళ్ళు పీసీడీ 4×100 (100 ఎంఎం వ్యాసమున్న వలయం మీద నాలుగు స్టడ్లు) అని చెప్పేసి వచ్చేస్తారు, కానీ అసలు సంగతి సెంటర్ బోర్‌లో, అంటే మధ్య రంధ్రంలో ఉంది. హబ్ లిప్ (హబ్ మధ్యలో ముందుకి పొడుచుకొచ్చే గుండ్రటి అంచు) మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకేశాకే వెర్నియర్ పెట్టండి, 54.1 ఎంఎం దగ్గర వస్తుంది, అడాప్టర్ దానిమీద చేత్తో నొక్కితే దిగేంత టైట్‌గా ఉండాలి, వదులైతే స్పీడులో స్టీరింగ్ వణుకుతుంది. ఇంకోటి, ఆ లిప్ మొదట్లో మూల కొంచెం గుండ్రంగా ఉంటుంది కదా, బోర్‌కి హబ్ వైపుండే అంచుకి 1 నుంచి 1.5 ఎంఎం చాంఫర్ (అంచుని ఏటవాలుగా కోయడం) కొట్టించకపోతే అక్కడ తగిలి అడాప్టర్ ఫేస్ హబ్‌కి పూర్తిగా ఆనదు, నట్లు ఎంత బిగించినా తర్వాత లూజవుతాయి, అందుకే టర్నర్‌కి గుర్తుచేసి మరీ కొట్టించండి. మెటీరియల్ 6061-టీ6 అల్యూమినియం, పోత ముక్క మాత్రం అస్సలొద్దు. మందం 20 ఎంఎం పెడితే ఆఫ్‌సెట్ (వీల్ వెడల్పు మధ్యగీతకీ హబ్‌కి ఆనే ఫేస్‌కీ దూరం) 45 కాస్తా 25 అవుతుంది, ఫెండర్‌కి తగులుద్దేమో ముందే చూస్కోండి, హబ్‌కుండే పాత స్టడ్లు అడాప్టర్ దాటి పొడుచుకొస్తే అల్లాయ్ వెనక వాటికి గుంట ఉందో లేదో కూడా. బిగించేది టార్క్ రెంచ్‌తోనే, ఓ 100 కిలోమీటర్లు తిరిగాక వీల్ ఊడదీసి అడాప్టర్‌ని హబ్‌కి బిగించిన లోపలి నట్లు మళ్ళీ చెక్ చేయండి ప్లీజ్, అవి బయటికి కనపడవు.