మళ్ళీ కరోనా లాంటిది వస్తే వార్డులో అందరం కలిసి పనిచేయాలంటే ముందే ఏం నేర్చుకోవాలి

నేను స్టాఫ్ నర్సుని. ప్రభుత్వాసుపత్రుల్లో 20 ఏళ్ళు దాటింది. ఇది నర్సింగ్ సూపరింటెండెంట్లకీ, డ్యూటీ డాక్టర్లకీ, నర్సింగ్ కాలేజీల్లో చెప్పే ట్యూటర్లకీ రాస్తున్నాను. బడ్జెట్ అక్కర్లేదు, పైనుంచి ఆర్డర్ రావాల్సిన పని లేదు, మీ వార్డులో మీరే మొదలుపెట్టేయొచ్చు.

2021 మే 3న కేంద్రం ఒక నిర్ణయం చెప్పింది, గుర్తుందా? ఎంబీబీఎస్ ఫైనలియర్ పిల్లలు ఫ్యాకల్టీ పర్యవేక్షణలో ఫోన్ కన్సల్టేషన్లూ తేలికపాటి కేసులూ చూడొచ్చు, బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పాసైన నర్సులు సీనియర్ల కింద కోవిడ్ డ్యూటీ చేయొచ్చు అని. మంచి నిర్ణయమే, మనుషులు చాలక అల్లాడిపోతున్న రోజులవి. కానీ ఆ పిల్లలు అంతకుముందు ఒక్కరోజైనా ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు కాదు. రేపు చేయబోయేది ఒకే పేషెంట్ దగ్గరైనా మెడికల్ కాలేజీ ఒకవైపు, నర్సింగ్ కాలేజీ ఒకవైపు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఇంకోవైపు. వేర్వేరు వృత్తులవాళ్ళు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. మనం మాత్రం పీపీఈ కిట్ వేసుకున్నాక పరిచయాలు చేసుకున్నాం.

దాని ఫలితం ఒక రాత్రి కళ్ళారా చూశాను. రెండో వేవ్, ఆసుపత్రి పేరు వద్దు. సిలిండర్ల గది దగ్గర ఉన్న ఎమ్‌ఎన్‌ఓ (మగ నర్సింగ్ ఆర్డర్లీ, అంటే వార్డు సహాయకుడు) ప్రెజర్ ముల్లు దిగిపోవడం చూశాడు, చూసి కూడా ఎవరికీ చెప్పలేదు. వారం ముందు ఇలాగే చెప్పబోతే "నీ పని నువ్వు చూసుకో" అన్నారట. కాసేపటికి వార్డులో మానిటర్లు ఒకటి తర్వాత ఒకటి మోగడం మొదలుపెట్టాయి. నిండు సిలిండర్ ఉంది, దాన్ని బిగించే స్పానర్ స్టోర్ అల్మారాలో ఉంది, అల్మారా తాళం ఫార్మసిస్టు దగ్గరుంది, ఆయన నంబరు నైట్ డ్యూటీ సిస్టర్లెవరి దగ్గరా లేదు. చివరికి తాళం పగలగొట్టాం. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ నిమిషాలు ఇప్పటికీ నా కళ్ళముందు తిరుగుతూనే ఉంటాయి. మా అందరికీ మా మా పనులు బాగా వచ్చు. పక్కవాడి పని గురించి మాత్రం మాలో ఏ ఒక్కరికీ తెలీదు.

అందుకే మొదటి మీటింగ్‌లో వ్యాధి గురించి క్లాసు చెప్పకండి. డాక్టరు, సిస్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, ఎమ్‌ఎన్‌ఓలు, ఎఫ్‌ఎన్‌ఓలు (ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు), శానిటేషన్ వాళ్ళు, గేటు దగ్గర సెక్యూరిటీ, వీలైతే 108 బండి వాళ్ళు, ఇందరూ ఉండాలి. అందరూ కుర్చీల్లోనే కూర్చోవాలి, కొందరు గోడకి ఆనుకుని నిలబడితే వాళ్ళు నోరు తెరవరు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: "మీ పనిలో మిగతావాళ్ళకి తెలియనిది, తెలిస్తే మీకు పని తేలికయ్యేది ఏంటి?" జవాబు కిందినుంచి మొదలవ్వాలి, ముందు శానిటేషన్ అమ్మ, చివర్లో డాక్టరు గారు. డాక్టరు ముందు మాట్లాడేస్తే మిగతావాళ్ళంతా "అవును సార్" అని ఊరుకుంటారు. మేము ఇలా చేసినప్పుడు ఒకావిడ, పసుపు సంచుల్లో వేయాల్సిన కోవిడ్ చెత్తలో సూదులు కూడా పడేస్తున్నారని, తన చేతికి రెండుసార్లు గుచ్చుకుందని చెప్పింది. అన్నాళ్ళూ ఆవిడ్ని ఆ మాట అడిగినవాళ్ళే లేరు.

టైమ్ ఎప్పుడు దొరుకుతుంది అంటారా? చాలాచోట్ల సిస్టర్లు ఉదయం 8కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి మారతారు, డాక్టర్లు 9కి వస్తారు, శానిటేషన్ వాళ్ళ టైము ఇంకోటి. అంటే ఒకే వార్డులో పనిచేస్తూ కూడా హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) దగ్గర అందరూ కలిసే సందర్భమే ఉండదు. ఏదో ఒక షిఫ్ట్ మారేచోట 15 నిమిషాలు అందరికీ కలిసేలా జరపండి, ఆ ఒక్కటి మాత్రం పట్టుబట్టి సాధించండి. ఆ 15 నిమిషాల్లో రోజుకో విషయం చాలు. గంట క్లాసు పెడితే రెండో రోజునుంచి ఎవరూ రారు.

ముందుగా ఆక్సిజన్ లెక్క నేర్పండి, అందరికీ. పెద్ద సిలిండర్, అదే డి టైప్, అందులో సుమారు 7000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. ఒక పేషెంట్‌కి నిమిషానికి 10 లీటర్లు పెడితే దాదాపు పదకొండున్నర గంటలు వస్తుంది. అదే 10 మందికి 10 లీటర్ల చొప్పున ఒకే లైన్లో పోతుంటే 70 నిమిషాల్లో ఖాళీ. ఎవరికి ఎన్ని లీటర్లు పోతున్నాయో సిస్టర్‌కి తెలుసు, నిండువి ఎన్ని మిగిలాయో ఎమ్‌ఎన్‌ఓకి తెలుసు, తగ్గించాలో పెంచాలో డాక్టరు చెప్పాలి, కాబట్టి ముగ్గురూ కలిస్తేనే లెక్క తేలుతుంది. గోడ మీద ఒక బోర్డు పెట్టి రెండు గంటలకోసారి మొత్తం లీటర్లూ, నిండు సిలిండర్లూ రాయించండి. ఇంకో సంగతి, కోవిడ్‌లో మామూలు పేషెంట్‌కి రక్తంలో ఆక్సిజన్ శాతం, అదే శాచురేషన్, మన లక్ష్యం 92 నుంచి 96 మధ్య. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్ళకి ఇంకా తక్కువ, 88 నుంచి 92. అలాంటప్పుడు 99 చూపిస్తున్న పేషెంట్‌కి 15 లీటర్లు వదులుతుంటే "డాక్టర్ గారూ, తగ్గించొచ్చా?" అని సిస్టర్ అడగాలి. అలా మిగిలేది పక్క మంచం మీదున్న మనిషి ఊపిరి.

కిట్ వేసుకోవడం, విప్పడం జంటలుగా ప్రాక్టీస్ చేయించండి, జంటలో ఇద్దరూ వేర్వేరు పనుల వాళ్ళు కావాలి. హౌస్ సర్జన్ విప్పుతుంటే ఎఫ్‌ఎన్‌ఓ చూసి తప్పు చెప్పాలి. అంటుకునే ప్రమాదం ఎక్కువగా విప్పేటప్పుడే, అలసిపోయి ఉంటాం, ఎప్పుడు బయటపడదామా అన్న తొందర. ప్రతి మెట్టు దగ్గరా చేతులు శుభ్రం చేసుకోవాలి, ఎన్95 మాస్కు చివర్లో, అదీ వార్డు బయటికొచ్చాక తీయాలి. లోపల ఎవరెవరో గుర్తుపట్టలేం కాబట్టి కిట్ మీద ఎదా, వీపూ రెండుచోట్లా మార్కర్‌తో పేరు, పని తెలుగులో పెద్దగా రాయండి. పేషెంట్లకి కూడా ఎంత ధైర్యమో చెప్పలేను, తెల్లటి బొమ్మల మధ్య ఒక పేరు కనబడుతుంది కదా.

ఇక మాట. ఎన్95, పైన షీల్డ్, చుట్టూ మెషీన్ల మోత, వీటిలోంచి "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" ఒకేలా వినిపిస్తాయి. అందుకే డోసు చెప్పేటప్పుడు "వన్ ఫైవ్, పదిహేను" అని రెండు రకాలుగా చెప్పాలి, విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి, చెప్పినవాళ్ళు "కరెక్ట్" అనాలి. ఈ మూడూ అయ్యేదాకా ఇంజెక్షన్ వేయకూడదు. మొదట్లో నాటకంలా ఉందని సిగ్గుపడతారు, వారంలో అలవాటైపోతుంది.

రాత్రి రెండింటికి డాక్టర్ని లేపాల్సొస్తే నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోమనండి: ఇప్పుడేం జరుగుతోంది, ముందేం జరిగింది, నాకేం అనిపిస్తోంది, మీరేం చేయాలి. "సార్, 12వ బెడ్ పెద్దాయనకి శాచురేషన్ 94 నుంచి 86కి పడింది. ఐదో రోజు, షుగర్ ఉంది, సాయంత్రం దాకా 6 లీటర్ల మీద బానే ఉన్నారు. బోర్లా పడుకోబెట్టాను, 15కి పెంచాను, 89 దాటట్లేదు. ఐసీయూకి మార్చాల్సొస్తుందేమోనని నా అనుమానం, మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." అర నిమిషం పట్టదు. "సార్, పేషెంట్ బాలేదు, ఒకసారి రండి" అంటే ఎంత అర్జెంటో అవతలివాళ్ళకి అర్థం కాదు. దీన్ని నర్సింగ్ పిల్లలూ హౌస్ సర్జన్లూ పాత్రలు మార్చుకుని ప్రాక్టీస్ చేయాలి, ఫోన్ చేసేవాళ్ళకెంత టెన్షనో అప్పుడే డాక్టరు పిల్లలకి తెలుస్తుంది.

అన్నిటికన్నా కష్టమైనది, పైవాళ్ళని ఆపడం. మన దగ్గర చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదనే పెరుగుతాం కాబట్టి మాటలు ముందే చేతికివ్వాలి. మొదట "సార్, నాకు ఇది కొంచెం టెన్షన్‌గా ఉంది." వినకపోతే "సార్, ఇది నాకు సరిగ్గా అనిపించట్లేదు." అప్పటికీ వినకపోతే "పేషెంట్‌కి ప్రమాదం సార్, ఒక్క నిమిషం ఆగండి." ఈ మూడో మాట ఎవరు అన్నా, శానిటేషన్ అమ్మ అన్నా, చేతులు ఆగిపోవాలి. ఈ నియమాన్ని సూపరింటెండెంట్ గారే అందరి ముందూ తన నోటితో ప్రకటించాలి. డాక్టర్లు నేర్చుకోవాల్సిన జవాబు ఇంకా చిన్నది: "చెప్పమ్మా, ఏం చూశావ్?" చెప్పింది తప్పైనా సరే కసురుకోవద్దు. ఒక్కసారి కసురుకుంటే ఆ మనిషి ఇంకెప్పుడూ చెప్పడు. మా ఎమ్‌ఎన్‌ఓ సంగతి అదే. "ఏయ్ బాయ్" అనే పిలుపు కూడా మానేయండి, పేరు పెట్టి, చివర గారు చేర్చి పిలవండి.

ఆసుపత్రి బయట ఆశా అక్కలనీ ఏఎన్ఎంలనీ మర్చిపోవద్దు. డిశ్చార్జ్ అయినవాళ్ళ వివరాలు అదేరోజు వాళ్ళకి చేరాలి, ఆక్సీమీటర్లో ఎంత చూపిస్తే వెంటనే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసివ్వండి.

షిఫ్ట్ చివర ఐదు నిమిషాలు అందరూ ఆగండి. ఇవాళ ఏం బాగా జరిగింది, ఎక్కడ తడబడ్డాం, రేపటికి ఏది మారుద్దాం. "ఎవరు చేశారు" అనే ప్రశ్న అక్కడ నిషేధం. వార్డులో ఎవరైనా పోయిన రోజు ఈ ఐదు నిమిషాలు అసలు వదలొద్దు, ఎవరైనా ఏడిస్తే ఏడవనివ్వండి, శవాన్ని కట్టిన వాళ్ళని కూడా కూర్చోబెట్టండి.

ఇదంతా వేవ్ వచ్చాక కుదరదు, ఇప్పుడే చేయాలి. నెలకోసారి, అదీ నైట్ షిఫ్ట్‌లో, ఒక ఖాళీ మంచం మీద దిండు పెట్టి ఆక్సిజన్ పడిపోయినట్టు డ్రిల్ చేయండి, వాచీ పట్టుకుని. మా దగ్గర ఇప్పుడు స్పానర్ సిలిండర్ల గది గోడకి ఎర్ర తాడుతో వేలాడుతూ ఉంటుంది, దాని పక్కనే ఫార్మసిస్టు గారి నంబరు. డ్యూటీలో చేరిన కొత్తవాళ్ళెవరైనా, డాక్టరైనా సరే, మొదటిరోజు ఆ గదికి తీసుకెళ్ళి చూపిస్తాం, చూపించేది మా ఎమ్‌ఎన్‌ఓనే.