సోలార్ బ్యాటరీకి ఫ్యూజు వేసే ముందు

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంటి బ్యాటరీకి సొంతంగా ఫ్యూజు వేసుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

ఉంగరం, వాచీ, గొలుసు తీసేయండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి. 12 వోల్టులే కదా, షాక్ కొట్టదంటారు. నిజమే, కానీ స్పానర్ రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడితే వందల ఆంపియర్లు పారతాయి, చెయ్యి కాలిపోతుంది.

మొదట ప్యానెల్ స్విచ్ ఆపి, తర్వాతే బ్యాటరీ విప్పండి. లోడు మీద ఉండగా ప్యానెల్ కనెక్టర్లు లాగొద్దు.

అసలు జాగ్రత్త ఇక్కడ: ఇంటి బోర్డులో వాడే ఏసీ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) బ్యాటరీకి ఫ్యూజు బదులు పనికిరాదు. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది, అప్పుడు ఆర్క్ (కరెంటు తెగేచోట లేచే నిప్పు) ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీలో ఆ విరామం లేదు, మంట సాగుతూనే ఉంటుంది. డీసీ రేటింగ్, వోల్టేజీ చదివి కొనండి.

12 వోల్టుల మీద 1000 వాట్ల ఇన్వర్టర్ ఫుల్ లోడులో, తన నష్టాలతో కలిపి, దాదాపు 100 ఆంపియర్లు లాగుతుంది. 25 శాతం కలిపితే 125 ఆంపియర్ల ఫ్యూజు. తీగ అంతకు తగ్గకుండా మోయాలి, ఎందుకంటే ఫ్యూజు కాపాడేది తీగనే. ఫ్యూజుని బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కి జానెడు లోపే పెట్టండి.

లిథియం బ్యాటరీ అయితే క్లాస్-టి ఫ్యూజే (భారీ షార్ట్ కరెంటుని కూడా తెంచగల రకం) నా సలహా.

వానాకాలంలో లగ్గులకి (తీగ చివర బిగించే లోహపు ముక్కలకి) చిలుము పడుతుంది. గీకి, గట్టిగా బిగించండి. ప్యానెల్ స్విచ్ పక్కన ఒడియాలోనూ తెలుగులోనూ ‘ముందు ఇది ఆపాలి’ అని రాసి అంటించండి.

ఫ్యూజు పోతే కారణం దొరికేదాకా కొత్తది వేయొద్దు. దాని బదులు రాగితీగ అస్సలు చుట్టొద్దు.