చెట్టు కొమ్మలు కొట్టడం, 4వ పాఠం: కరెంటు పోయింది కదా అని ఎక్కొద్దు

పోయిన పాఠంలో పెద్ద కొమ్మను మూడు కోతల్లో దించడం చూశాం. ఈసారి రంపం పక్కన పెట్టి తలెత్తి చూడటమే పని. మన నెల్లూరు, ప్రకాశం వైపు అక్టోబరు వస్తే తుఫాన్ల భయం. అందుకే అంతకుముందే వేప, కానుగ, సుబాబుల్ కొమ్మలు కొట్టేస్తాం.

ముందు తీగలు లెక్కపెట్టండి. మూడే తీగలు, పింగాణీ పిన్నుల మీద ఉంటే చాలావరకు 11 కేవీ, అంటే 11,000 వోల్టులు. నాలుగో ఐదో ఉంటే ఇళ్లకొచ్చే ఎల్‌టీ, అంటే తక్కువ వోల్టుల లైను. పొలంలో బోరు పక్కనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉందంటే దానిదాకా వచ్చేది 11 కేవీనే. కొమ్మ చివర ఆకులు మాడి ఉన్నా, చినుకులకు చిటపట వినిపించినా ఆ చెట్టు మన పని కాదు.

తీగకు 10 అడుగుల లోపుకి మనిషీ, దోటీ, కొమ్మా ఏదీ పోకూడదు. 11 కేవీ గాల్లో అంత దూరం దూకుతుందని కాదు, దూకేది వేలెడు కూడా ఉండదు. కానీ బరువు తెగిన కొమ్మ ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఎక్కినవాడు తూలుతాడు. పచ్చి కొమ్మలో నీరుంటుంది కాబట్టి కరెంటు పారుతుంది. ఇనుప పైపుకు కొడవలి కట్టిన దోటి సంగతి చెప్పక్కర్లేదు, మునక్కాయలకు కూడా అది వాడొద్దు.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని. కావలి దగ్గర మా ఇంటి వేప మీదుగా ఎల్‌టీ లైను పోతుంది. ఒకరోజు కరెంటు పోగానే కొడవలి తీసుకుని ఎక్కేశాను. తీగకు జానెడు దూరంలో కొమ్మ పట్టుకున్నానో లేదో, వంటింట్లో మిక్సీ గుర్రుమంది. అమ్మ స్విచ్ ఆపడం మరిచిపోయింది. ఆ మిక్సీ లేకపోతే ఈ పాఠం రాసేవాణ్ణి కాదేమో.

కరెంటు కోత వేరు, లైన్ క్లియర్ (ఎల్‌సీ, అంటే లైను ఆపి పని చేసుకోమని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) వేరు. ట్రిప్పయిన, అంటే దానంతటదే ఆగిపోయిన లైనుని సబ్‌స్టేషన్‌లో కాసేపటికి మళ్లీ ఛార్జ్ చేసి చూస్తారు. చేంజోవర్ స్విచ్ (ఇంటిని లైను నుంచి విడదీసి జనరేటర్‌కి కలిపేది) లేకుండా ఎవరైనా జనరేటర్ తగిలిస్తే ఆ 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి, అవతల 11,000గా బయటికొస్తాయి. లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుని, స్తంభం మీద లైనుని విడదీసే ఏబీ స్విచ్ దించి, తీగలు కలిపి ఎర్త్ చేశాకే లైను చచ్చినట్టు. ఆయన్ని పిలవడానికి 1912.

తీగ తెగిపడితే అది మెరవకపోయినా దగ్గరికి పోవద్దు. ఎండిన ఇసుక నేలలో ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) ట్రిప్ కాకపోవచ్చు, తీగలో కరెంటు అలాగే ఉండొచ్చు. అప్పటికే దగ్గర్లో ఉంటే రెండు పాదాలూ ఆనించి, నేల మీంచి ఎత్తకుండా కొంచెం కొంచెంగా జరుగుతూ బయటికి రండి. కాళ్ల మధ్య దూరం పెరిగేకొద్దీ నేలలోంచి ఒంట్లోకి వచ్చే వోల్టులు పెరుగుతాయి. పశువుల ముందరికాళ్లకూ వెనకకాళ్లకూ దూరమెక్కువ కాబట్టి వాటికి ప్రమాదం ఇంకా ఎక్కువ, అటు తోలొద్దు.

వచ్చే పాఠం తాడుతో కొమ్మ దించడం. ఈలోగా మీ చెట్టు పక్కన స్తంభం మీద తీగలెన్నో కింద నిలబడే లెక్కపెట్టి రాసుకోండి.