డీజిల్ పికప్ కొనే ముందు: అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లకి మైలేజీ లెక్కలు

టెక్సాస్‌లో దిగి ఏడాది తిరక్కముందే చాలామంది మనవాళ్ల చూపు పెద్ద డీజిల్ పికప్‌ల మీద పడుతుంది. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500, షెవర్లే సిల్వరాడో 2500 రోడ్డు మీద ఎటు చూసినా కనబడతాయి మరి. షోరూంకి వెళ్లగానే మనం అడిగే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంత?" అనే. కారుకైతే జవాబు అద్దానికి అతికించిన స్టిక్కర్ మీదే ఉంటుంది. ఈ పికప్‌లకు ఉండదు. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి మొత్తం బరువు పరిమితి 8,500 పౌండ్లు దాటిన పికప్‌లకు ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) మైలేజీ లేబుల్ నియమం వర్తించదు. అంటే ప్రభుత్వం పరీక్షించి ఇచ్చిన అంకె ఏదీ మీ చేతికి రాదు. సేల్స్‌మన్ ఒకటి చెప్తాడు, పక్కింటాయన ఇంకొకటి చెప్తాడు.

వాడేవాళ్ల అనుభవంలో తేలేది సుమారుగా ఇది. ఖాళీ బండితో హైవే మీద నిదానంగా వెళ్తే గాలన్‌కి 17 నుంచి 20 మైళ్లు. ఊళ్లో సిగ్నళ్ల మధ్య 12 నుంచి 15. పెద్ద ట్రైలర్ తగిలిస్తే 8 నుంచి 11. మన లెక్కలోకి మార్చుకోవాలంటే ఈ అంకెను 0.425తో గుణించండి. 15 మైళ్లంటే లీటరుకి 6.4 కిలోమీటర్లు, 10 మైళ్లంటే 4.25. ఫోర్డ్ 6.7 లీటర్ల పవర్‌స్ట్రోక్, రామ్ 6.7 లీటర్ల కమిన్స్, జీఎం 6.6 లీటర్ల డ్యూరమాక్స్... ఈ ఇంజన్ల మధ్య తేడా కంటే మీరు నడిపే తీరులో తేడాయే జేబుకి ఎక్కువ తగులుతుంది.

అందులో మొదటిది వేగం. పశ్చిమ టెక్సాస్‌లో ఐ-10 మీద 80 మైళ్ల దాకా అనుమతి ఉంది, ఆస్టిన్‌కి దక్షిణాన ఎస్‌హెచ్ 130 (రాష్ట్ర హైవే) మీద కొంత దూరం 85. అనుమతి ఉంది కదా అని తొక్కితే మైలేజీ కళ్లముందే పడిపోతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం దాని వర్గంతో పెరుగుతుంది. 65లో వెళ్లే బండి 80 అందుకుంటే గాలిని తోసే బలం సుమారు ఒకటిన్నర రెట్లు కావాలి. ట్రైలర్ విషయంలోనూ ఇదే సూత్రం. చదునైన మైదానంలో బరువు కంటే ఎత్తు ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఒకే బరువున్నా, ఇల్లులా నిలువుగా లేచిన క్యాంపర్ తాగినంత డీజిల్ కిందికి పరుచుకున్న ఫ్లాట్‌బెడ్ తాగదు. ఎదురుగాలి తోడైతే చెప్పక్కర్లేదు. క్యాంపర్ కొనాలనుకునేవాళ్లు బ్రోషర్‌లో బరువు ఒక్కటే చూసుకుని ఊరుకోవద్దు.

రెండోది పొగ గొట్టంలోని ఫిల్టర్. డీజిల్ మసిని పట్టి ఉంచే ఈ డీపీఎఫ్ నిండగానే, ఇంజన్ అదనంగా డీజిల్ పోసి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్ని రీజెన్ అంటారు. ఆ సమయంలో తెరమీద మైలేజీ అంకె ఉన్నట్టుండి పడిపోతుంది, బండి ఆపితే కింద నుంచి వేడి వాసన వస్తుంది. చూసి టెన్షన్ పడకండి, వీలైతే అది పూర్తయ్యేదాకా నడుపుతూ ఉండండి. పిల్లల్ని బడిలో దింపి, కాస్ట్‌కోకి వెళ్లి వచ్చేంత చిన్న ప్రయాణాలే అయితే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, రీజెన్లు మాటిమాటికీ వస్తాయి, సగంలో ఆగిపోతాయి. అందుకే ట్రైలర్ లాగే పని లేనివాళ్లు ఈ బండి కొనొద్దని నా గట్టి సలహా. డీజిలే కావాలంటే 3 లీటర్ల డ్యూరమాక్స్ ఉన్న సిల్వరాడో 1500 చూడండి. దానికి ఈపీఏ లేబుల్ కూడా ఉంటుంది.

మన దగ్గర డీజిల్ పెట్రోలు కంటే చవక. ఇక్కడ సాధారణంగా తిరగబడి ఉంటుంది. ఫెడరల్ పన్నే గాలన్‌కి గ్యాసోలిన్ (మన పెట్రోలు) మీద 18.4 సెంట్లయితే డీజిల్ మీద 24.4. దీనికి తోడు పొగను శుభ్రం చేసే డీఈఎఫ్ అనే యూరియా ద్రవం వేరే ట్యాంకులో పోస్తూ ఉండాలి. ఏడాదికి 10,000 మైళ్లు, గాలన్‌కి 15 చొప్పున వేసుకుంటే సుమారు 667 గాలన్లు. మీ ఊరి ధరతో గుణించి చూసుకున్నాకే షోరూంకి వెళ్లండి.

బంకులో ఒక జాగ్రత్త: డీజిల్ నాజిల్ చాలాచోట్ల ఆకుపచ్చగా ఉంటుంది గానీ, కొన్ని బంకుల్లో గ్యాసోలిన్ నాజిల్ కూడా ఆకుపచ్చే. రంగును నమ్మకుండా అక్షరాలు చదవండి. ఎరుపు రంగు కలిపిన డీజిల్ చవగ్గా దొరుకుతుంది, అది పొలాల్లో, యంత్రాల్లో వాడటానికి. రోడ్డు మీద నడిపే బండిలో పోస్తే కనీసం 1,000 డాలర్ల ఫెడరల్ జరిమానా పడుతుంది.

డాష్‌బోర్డు చూపే సగటు తరచూ కాస్త ఎక్కువే ఉంటుంది. నాజిల్ తనంతట తాను ఆగేదాకా నింపి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ నింపేటప్పుడు తిరిగిన మైళ్లను పట్టిన గాలన్లతో భాగించండి. డీజిల్ నురగ కడుతుంది కాబట్టి ఒక్కసారి లెక్క నిజం చెప్పదు, నాలుగైదు ట్యాంకుల సగటు తీయండి. ట్రైలర్‌తో తిరిగినవి విడిగా రాసుకోండి. పెద్ద టైర్లు వేయించి కంప్యూటర్‌లో సరిచేయకపోతే ఓడోమీటర్ తక్కువ తిరుగుతుంది, లెక్క తప్పుతుంది.

పాత బండి కొంటుంటే, అమ్మేవాళ్లు "డిలీట్ చేయించాం, 22 వస్తుంది" అనవచ్చు. డీపీఎఫ్, డీఈఎఫ్ వ్యవస్థ పీకేశారని దాని అర్థం. క్లీన్ ఎయిర్ యాక్ట్ దాన్ని నిషేధించింది. వారంటీ చిక్కులొస్తాయి, చాలా సర్వీస్ సెంటర్లు అలాంటి బండిని ముట్టుకోవు కూడా. డబ్బు కట్టకముందే తెలిసిన డీజిల్ మెకానిక్‌తో బండి కింద చూపించండి.