పాఠానికి కావలసిన ఉచిత సామగ్రిని వెతుక్కునే, వాడుకునే పద్ధతి

ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవారందరికీ ఇది అనుభవమే: పొద్దున లేచేసరికి నాలుగు పీడీఎఫ్‌లు, రెండు వీడియోలు, ఎవరో తయారుచేసిన ప్రశ్నల బ్యాంకు ఒకటి వచ్చి ఉంటాయి. తర్వాత చూద్దామనుకుంటూ దాచుకున్నవి ఫోన్ నిండేదాకా పేరుకుపోతాయి గాని, మూడో పీరియడ్‌కు ఎనిమిదో తరగతిలోకి అడుగుపెట్టేటప్పుడు వాటిలో ఒక్కటీ చేతికి అందదు. అందుకే నేను కొన్నేళ్ళుగా వెబ్‌సైటు నుంచి మొదలుపెట్టడం మానేసి, పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను. ఆ పద్ధతిని, తెలుగు మాధ్యమంలోను ద్విభాషా పుస్తకాలతోను బోధించేవారికి పనికొచ్చే ఉచిత వనరులను ఇక్కడ వివరిస్తున్నాను.

వెతకడానికి కూర్చునే ముందు ఆ తడబాటును ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ‘భిన్నాలు’ అని రాసుకుంటే వెతుకులాటకు అంతు ఉండదు. ‘3 కంటే 4 పెద్దది కాబట్టి 1/3 కంటే 1/4 పెద్దదని పిల్లలు అనుకుంటున్నారు’ అని రాసుకుంటే కావలసినదేమిటో అప్పుడే తేలిపోతుంది: ఒకే కొలత గల వస్తువును ఒకసారి 3 సమభాగాలు, మరొకసారి 4 సమభాగాలు చేసి పక్కపక్కనే చూపే బొమ్మ. ఇరవై నిమిషాల వీడియోలో ఆ బొమ్మ అరనిమిషం కూడా ఉండకపోవచ్చు. పాత వార్తాపత్రిక నుంచి ఒకే పొడవున్న రెండు పట్టీలు కత్తిరించి మడతపెట్టిస్తే చాలునని కూడా అప్పుడే తోచవచ్చు. అలా తోచినప్పుడు ఇంటర్నెట్ జోలికి వెళ్ళనక్కర లేదు.

మొదట చూడవలసింది పిల్లల చేతిలోని పాఠ్యపుస్తకమే. కేంద్ర విద్యాశాఖ 2017 సెప్టెంబరు 5న ప్రారంభించిన దీక్షా అనే డిజిటల్ పాఠాల వేదికకు మన పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు అనుసంధానమై ఉన్నాయి. కోడ్ చెరిగిపోయినా, ఫోన్ కెమెరాకు అందకపోయినా, దాని కింద ముద్రించిన ఆరు అక్షరాల సంకేతాన్ని టైపు చేస్తే ఆ పాఠానికి చెందిన సామగ్రే తెరుచుకుంటుంది. యాప్‌లో మొదట బోర్డు, మాధ్యమం, తరగతి సరిగా ఎంచుకోకపోతే వేరే రాష్ట్రపు పాఠాలు ముందుకు వస్తాయి. ‘దీక్షాలో ఏమీ లేదు’ అని పెదవి విరిచేవారిలో చాలామంది ఈ ఒక్క మెట్టు దాటనివారే. యాప్‌లోని వీడియోలను ముందుగా డౌన్‌లోడ్ చేసుకుంటే బడిలో నెట్ లేకున్నా నడుస్తాయి. అక్కడున్నవన్నీ ఒకే నాణ్యతతో ఉండవు. కొన్ని వీడియోలు పుస్తకాన్ని చదివి వినిపించడం తప్ప మరేమీ చేయవు. అటువంటివి తరగతిలో పెట్టడం కంటే మనం చదివి వినిపించడమే మేలు.

దీక్షా దాటి వెతకవలసి వచ్చినప్పుడు ఏ మాటతో వెతుకుతున్నామన్నదే ముఖ్యం. పారిభాషిక పదాలకు తెలుగులో రెండు మూడు రూపాలు చలామణిలో ఉన్నాయి; పాత పుస్తకంలోని మాట కొత్త పుస్తకంలో ఉండకపోవచ్చు. ఒకవైపు తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకం ఇక్కడ మంచి నిఘంటువుగా పనికొస్తుంది. ఎదురు పేజీలోని ఇంగ్లీషు పదంతో ఒకసారి, తెలుగు పదంతో ఒకసారి, రెంటినీ కలిపి మరొకసారి వెతికితే మూడు వేర్వేరు ఫలితాల జాబితాలు వస్తాయి. బొమ్మలకు, ప్రయోగాలకు ఇంగ్లీషు పదం ఎక్కువగా ఉపయోగపడుతుంది; వర్క్‌షీట్లకు, కథలకు తెలుగు పదం.

గణితం, సైన్సు

ఈ రెండు విషయాలకు నేను ముందు వెళ్ళేది ఫెట్ సిమ్యులేషన్ల (తెర మీదే మార్చి చూడగలిగే ప్రయోగాల) దగ్గరికి. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ప్రాజెక్టు ఇది. వీటిలో చాలావాటికి తెలుగు అనువాదాలు ఉన్నాయి. సైటులో భాషను తెలుగుగా ఎంచుకుంటే ఆ జాబితా కనిపిస్తుంది. ఒక్కో సిమ్యులేషన్‌ను ఒకే ఫైలుగా దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే, ఐఎఫ్‌పీ (తరగతి గదిలోని పెద్ద టచ్ తెర) మీద బ్రౌజర్‌లో నెట్ లేకుండానే తెరుచుకుంటుంది.

దాన్ని వాడే తీరు మీదే ఫలితం ఆధారపడుతుంది. విద్యుత్ వలయాల సిమ్యులేషన్‌లో ఒక బ్యాటరీకి ఒక బల్బు కలిపి చూపించాను. తర్వాత అదే వలయంలో శ్రేణిలో రెండో బల్బు పెట్టబోయే ముందు ఆగి, మొదటి బల్బు వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా అని అడిగి, ప్రతి ఒక్కరినీ నోటుపుస్తకంలో రాయమన్నాను. బ్యాటరీకి దగ్గరగా ఉన్న బల్బు ఎక్కువగా వెలుగుతుందని సగం తరగతి రాసింది. స్విచ్ మూయగానే రెండూ సమానంగా మసకబారాయి. అప్పుడు మొదలైన వాదనే ఆ రోజు పాఠం. ముందుగా రాయించకుండా చూపించి ఉంటే అందరూ ‘అవును సార్’ అని ఊరుకునేవారు.

జ్యామితికి, గ్రాఫులకు 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ రూపొందించిన జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. త్రిభుజపు శీర్షాన్ని పట్టి లాగుతూ మూడు కోణాల మొత్తం 180 డిగ్రీల దగ్గరే నిలవడం చూపడానికి అరగంట సాధన చాలు. ఇతరులు తయారుచేసిన వేలాది నమూనాలు అందులోనే దొరుకుతాయి కాబట్టి మొదటి రోజే సొంతంగా చేయాలని పంతం పట్టనవసరం లేదు.

తెర లేని బడులకు అరవింద్ గుప్తా బొమ్మల సైటు నిజమైన నిధి. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం దశాబ్దాలుగా నేర్పుతున్న ఆయనకు 2018లో పద్మశ్రీ ప్రకటించారు. అక్కడ చూసి నేర్చుకోదగిన వాటిలో ఒక ఘటంతో తిరిగే చిన్న మోటారు ఒకటి. దానికి ఒక టార్చ్ సెల్లు, పాత స్పీకరు అయస్కాంతం, రెండు పిన్నీసులు, ఎనామిల్ పూత గల రాగి తీగ కావాలి. మోటార్ వైండింగ్ షాపులో అడిగితే తీగ ముక్కలు ఊరికే ఇస్తారు. చాలామంది చేతిలో ఇది తిరగకపోవడానికి కారణం పూత గీకడంలో ఉంది. చుట్టకు ఒక కొనన పూతను చుట్టూ పూర్తిగా గీకాలి. రెండో కొనన ఒక పక్క సగం మాత్రమే గీకి, మిగతా సగం అలాగే వదలాలి. రెండు కొనలూ పూర్తిగా గీకితే అర చుట్టు తిరిగాక బలం వ్యతిరేక దిశలో పనిచేసి, చుట్ట ముందుకూ వెనక్కూ ఊగి ఆగిపోతుంది. సగం పూత ఉంచితే ఆ అర చుట్టులో ప్రవాహం తెగి, ఉన్న వేగంతోనే చుట్ట ముందుకు వెళుతుంది. ఇటువంటి వీడియో తెలుగులో దొరకనప్పుడు శబ్దం ఆపివేసి, మనమే మాట్లాడుతూ చూపితే సరిపోతుంది.

భాషలు

ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ఉచిత కథల సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలు చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విభజించి ఉంటాయి. తరగతిని బట్టి కాక, పిల్లవాడు నిజంగా చదవగలిగే స్థాయిని బట్టి ఎంచుకోవాలి. ఐదో తరగతిలో రెండో మెట్టు పుస్తకం ఇవ్వవలసి వస్తే అందులో చిన్నతనమేమీ లేదు. ఒకే కథ తెలుగులోను ఇంగ్లీషులోను దొరకడం దీనిలోని పెద్ద సౌకర్యం. ముందు రోజు తెలుగులో చదివించి, మరునాడు అవే బొమ్మలున్న ఇంగ్లీషు ప్రతిని ఇస్తే, కథ తెలిసిన ధైర్యంతో కొత్త మాటలను పిల్లలే ఊహిస్తారు. అనువాదాల్లో కొన్ని వాక్యాలు మనవాళ్ళెవరూ మాట్లాడని తీరులో ఉంటాయి. గట్టిగా చదివి చూసి, నాలుక తట్టుకున్న చోట మార్చుకోండి. మార్చుకునే హక్కు ఆ పుస్తకాల లైసెన్సే ఇస్తోంది.

పద్యభాగం బోధించేవారికి ఆంధ్రభారతి సైటులోని నిఘంటువుల శోధన చేతికర్ర వంటిది. ఒక్క పదానికి అనేక నిఘంటువుల అర్థాలు ఒకేచోట కనిపిస్తాయి. కాపీరైటు తీరిన పాత రచనల పూర్తి పాఠం కోసం తెలుగు వికీసోర్స్ చూడవచ్చు. హిందీకి కూడా స్టోరీవీవర్ పద్ధతే పనికొస్తుంది.

సాంఘిక శాస్త్రం

ఇక్కడ ఉచిత పటాలతో జాగ్రత్త అవసరం. బొమ్మల శోధనలో ముందుగా వచ్చే ఆంధ్రప్రదేశ్ పటం 23 జిల్లాల ఉమ్మడి రాష్ట్రానిది కావచ్చు, 2014 జూన్ 2 తర్వాతి 13 జిల్లాలది కావచ్చు. 2022 ఏప్రిల్ 4న ఆ 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణ పటంలో 33 జిల్లాలు లేకుంటే అది 2019కి ముందుదని గుర్తించాలి. భారతదేశ పటాల్లో 2019 అక్టోబరు 31న ఏర్పడిన లడఖ్ కేంద్రపాలిత ప్రాంతం ఉందో లేదో చూడాలి. విదేశీ సైట్లలోని పటాల్లో మన సరిహద్దులు వేరుగా గీసి ఉంటాయి కాబట్టి గోడకు అంటించే పటాన్ని సర్వే ఆఫ్ ఇండియా నుంచే తీసుకోవాలి. పాత పటాలను పారేయవద్దు. మూడు కాలాల పటాలను పక్కపక్కన పెట్టి, మన మండలం ఎప్పుడు ఏ జిల్లాలో ఉందో వెతకమంటే పిల్లలు గంట కొట్టినా లేవరు. ఊరి చెరువు, కాలువ, రోడ్డు పై నుంచి ఎలా ఉంటాయో చూపడానికి ఇస్రో వారి ఉపగ్రహ చిత్రాల సైటు భువన్ ఉంది.

సరిచూసుకోవడం

యంత్రం అనువదించిన వర్క్‌షీట్లు ఈ మధ్య ఎక్కువయ్యాయి. వాటిని పట్టుకునే సులువు ఒకటుంది: ఇంగ్లీషులో ఒకటే అయి, విషయాన్ని బట్టి తెలుగులో మారే మాటలను చూడాలి. ‘సెల్’ జీవశాస్త్రంలో కణం, భౌతికశాస్త్రంలో ఘటం. ‘పవర్’ గణితంలో ఘాతం, భౌతికశాస్త్రంలో సామర్థ్యం. ‘టేబుల్’ ఒకచోట పట్టిక, మరొకచోట ఎక్కం. ‘రెండు యొక్క మూడవ శక్తి’ అన్న వాక్యం ఎదురైన వర్క్‌షీట్‌ను ఎవరూ చదివి చూడలేదని అర్థం. అందులోని జవాబులను కూడా నమ్మకూడదు. లెక్కలనైతే పిల్లలకు ఇవ్వకముందు మనం చేసి చూసుకోవలసిందే.

నచ్చిన పీడీఎఫ్ నుంచి తెలుగు వాక్యాన్ని కాపీ చేస్తే అర్థం లేని గుర్తులు వచ్చాయంటే, అది యూనికోడ్ (ఏ పరికరంలోనైనా అక్షరాలు ఒకేలా కనిపించేలా చేసే ప్రమాణం) రాకముందటి పద్ధతి ఫాంటుతో, చాలా సందర్భాల్లో అనూ ఫాంటుతో, చేసినదని అర్థం. ఆ పేజీని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలను గుర్తించి మార్చుకోదగిన తెలుగు పాఠంగా ఇస్తుంది. ఒత్తులు, ‘మ’ ‘య’లు, ‘ద’ ‘ధ’లు తారుమారయ్యే అవకాశం ఉంది కాబట్టి మూలంతో పోల్చి దిద్దుకోవాలి. ముద్రణకు మండలి, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు చక్కగా ఉంటాయి. చిన్న తరగతులకు మండలి స్పష్టంగా కనిపిస్తుంది.

హక్కుల సంగతి

ఉచితంగా దొరికినదంతా స్వేచ్ఛగా పంచుకోదగినది కాదు. క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతులతో వాడుకోవడానికి కర్త ముందే అనుమతి ఇచ్చే లైసెన్సు) గుర్తు ఉంటే దాని పక్కన ఉన్న అక్షరాలు చదవాలి. ‘బీవై’ ఉంటే చేసినవారి పేరు వేయాలి. ‘ఎన్‌సీ’ ఉంటే అమ్ముకోకూడదు. ‘ఎస్‌ఏ’ ఉంటే మన మార్పులను కూడా అదే లైసెన్సుతో పంచాలి. మనకు ముఖ్యమైనది ‘ఎన్‌డీ’. అది ఉంటే మార్చిన రూపాన్ని పంచకూడదు, తెలుగు అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. ఏ గుర్తూ లేకపోతే హక్కులన్నీ కర్తవేనని భావించాలి. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ళ వరకు హక్కు కొనసాగుతుంది. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు, విద్యార్థి చేసే నకలుకు 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. గైడు మొత్తాన్ని స్కాన్ చేసి గ్రూపులో పెట్టడానికి దాన్ని అనుమతిపత్రంగా చూపలేము. వర్క్‌షీట్ అడుగున మూలం పేరు, లైసెన్సు ఒక వరుసలో రాస్తే సరిపోతుంది.

పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫోటోలు అడిగే సైట్లలో వారిని నమోదు చేయవద్దు. ఎక్కడైనా తప్పనిసరైతే ఉపాధ్యాయుడి ఖాతా ఒక్కటే వాడాలి.

నెట్ లేని బడిలో కంప్యూటరు ఉంటే, దింపుకున్న సైట్లను నెట్ లేకుండా చూపే కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు. ఇంటి దగ్గర ఒకసారి తెలుగు వికీపీడియాను దింపుకుని తీసుకెళితే అంతా ఆఫ్‌లైన్‌లో చదువుకోవచ్చు. కంప్యూటరు కూడా లేకుంటే ఒక్క పేజీ జిరాక్స్ తీయించి, ఇద్దరికి ఒకటి చొప్పున ఇచ్చి తిరిగి తీసుకుంటే నాలుగు సెక్షన్లకు సరిపోతుంది.

చివరగా, దాచుకునే పద్ధతి. ఫైలుకు తరగతి, విషయం, పాఠం సంఖ్య, తడబాటు ఈ వరుసలో పేరు పెట్టండి: ‘6-గణితం-7-భిన్నాల పోలిక’ అన్నట్టు. పాఠ్య పథకంలో ఆ పాఠం ఎదురుగా మూడు మాటలు రాయండి: వీడియో ఏ నిమిషం దగ్గర ఆపాను, ఏ ప్రశ్న అడిగాను, ఎంతమంది తప్పు చెప్పారు. నా పుస్తకంలో మొన్నటి వలయాల పాఠం ఎదురుగా ‘రెండో బల్బు ముందు ఆపు, 34 మందిలో 17, వచ్చే ఏడు అసలు బల్బులతో మొదలుపెట్టు’ అని ఉంది.