మాదిరాన్‌ను తిండి పక్కన పెట్టుకునే తాగండి

ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో ఉద్యోగానికి వచ్చిన మనవాళ్ళు చాలామంది మాదిరాన్ వైన్ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, గ్లాసు పక్కన పెట్టేస్తుంటారు. చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దాన్ని వాళ్ళకు ఖాళీ కడుపుతో, తినడానికి ఏమీ లేకుండా ఇచ్చి ఉంటారు.

పిరనీస్ కొండలకు ఉత్తరంగా, ఫ్రాన్స్ నైరుతి మూలన ఉంది మాదిరాన్. ఇక్కడి ఎర్ర వైన్‌కు 1948లో ఏఓసీ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతంలో ఫలానా నియమాల ప్రకారం చేసినదని చెప్పే ఫ్రాన్స్ అధికారిక ముద్ర, వచ్చింది. ఇందులో ముఖ్యమైనది తనా అనే నల్ల ద్రాక్ష. తోలు మందం, టానిన్ (నోట్లో వగరు పుట్టించే పదార్థం) బాగా ఎక్కువ. ఆ కరుకుదనాన్ని తగ్గించడానికే పాత్రిక్ దుకూర్నో అనే ఇక్కడి వైన్ తయారీదారు, ట్యాంకులోని వైన్‌లోకి సన్నటి ఆక్సిజన్ బుడగలు వదిలే పద్ధతిని 1990ల మొదట్లో తెచ్చారు. ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు.

కొనేటప్పుడు లేబుల్ మీద సంవత్సరం చూడండి. రెండు మూడేళ్ళ సీసా బాగా కరుగ్గా ఉంటుంది. ఐదారేళ్ళు దాటింది దొరికితే అదే తీసుకోండి. లేత వైన్ అయితే భోజనానికి రెండు గంటల ముందే తెరిచి, వెడల్పాటి జగ్గులోకి వంపేయండి. మూత తీసి సీసాలోనే ఉంచితే పెద్దగా లాభం లేదు, ఆ సన్న మెడలోంచి గాలి ఎంత పోతుంది? వేడి 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. వేసవిలో గది వేడికి వదిలేస్తే ఆల్కహాలే ముక్కుకు కొడుతుంది, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. అలాగని మరీ చల్లబరిస్తే వగరు ఇంకా పెరుగుతుంది.

గ్లాసులో మూడో వంతు పోసి, తిప్పి, వాసన చూడండి. బ్లాక్‌బెర్రీ లాంటి నల్లటి పండ్ల వాసన, పీపాలో ఉంచినదైతే కాస్త పొగ, కాఫీ తగులుతాయి. తర్వాత చిన్న గుక్క తీసుకుని వెంటనే మింగకుండా చిగుళ్ళకీ బుగ్గల లోపలికీ తగిలేలా తిప్పండి. పులుపైతే నోట్లో నీళ్ళూరతాయి. టానిన్ అయితే నోరు ఆరిపోయి, నేరేడు పళ్ళు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుంది. మన లాలాజలంలోని ప్రొటీన్లను టానిన్ పట్టుకోవడం వల్లే ఆ జారుడు పోతుంది.

ఇప్పుడు ఓసో-ఇరాతీ ముక్క ఒకటి తినండి. పిరనీస్ గొర్రెపాలతో చేసే గట్టి చీజ్ ఇది. బాగా నమిలి, మళ్ళీ ఒక గుక్క తాగండి. ఈసారి టానిన్ చీజ్‌లోని ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, కొవ్వు నోటికి పూతలా ఉంటుంది, ఉప్పు చేదును అణుస్తుంది. ఇందాక దాక్కున్న పండు రుచి అప్పుడు బయటికొస్తుంది. ఈ చీజ్‌ను ఇక్కడ నల్ల చెర్రీ జామ్‌తో తింటారు, ఈ వైన్ ఉన్నప్పుడు మాత్రం జామ్ వద్దు. తీపి పక్కన వైన్ మరీ కరుగ్గా అనిపిస్తుంది.

అసలు జోడీ బాతు మాంసం. మాగ్రే, అంటే బలిసిన బాతు రొమ్ము ముక్క, కొని తోలు మీద మాత్రమే అడ్డంగా గాట్లు పెట్టండి, మాంసం తెగకూడదు. ఉప్పు రాసి, తోలు కిందికి ఉండేలా చల్లటి పెనం మీదే పెట్టి సన్న మంట వెలిగించండి. కొవ్వు నెమ్మదిగా కరిగి తోలు కరకరలాడడానికి ఎనిమిది పది నిమిషాలు పడుతుంది. తిప్పి మూడు నాలుగు నిమిషాలు, దించాక ఐదు నిమిషాలు ఆగి కోయండి. ఆ కొవ్వులోనే బంగాళాదుంపలు వేయించండి. లోపల ఎర్రగా ఉంటే మీకు తినబుద్ధి కాదా, బాతు కాలు కాన్‌ఫీ తీసుకోండి. సొంత కొవ్వులోనే మెత్తగా ఉడికి ఉంటుంది, ఈ వైన్‌కి నా ఓటు దానికే.

మటన్ వేపుడు కూడా బాగుంటుంది, ఎండుమిరప కారం బాగా తగ్గించి మిరియాలు, ఉప్పు మీద నడిపిస్తేనే. కారం, ఆల్కహాల్, టానిన్ మూడూ కలిస్తే నోరు మండిపోతుంది. చేపల పులుసు రోజున ఈ సీసా తెరవకండి, నూనె ఉన్న చేపతో ఎర్ర వైన్ ఇనుము రుచి కొడుతుంది. సగం మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ముందుగా బయటికి తీసి తాగండి. లేత మాదిరాన్ చాలాసార్లు రెండో రోజే ఎక్కువ బాగుంటుంది.