విటమిన్ డ్రిప్ ఎక్కించుకునే ముందు అడగాల్సినవి, ఎక్కేటప్పుడు చూసుకోవాల్సినవి

విటమిన్ డ్రిప్ పెట్టించుకుందాం అనుకునేవాళ్ళు నర్సునని తెలిసి నన్ను ముందు అడిగేది ఏ కాంబినేషన్ మంచిది అని. నేను తిరిగి అడిగేది ఒక్కటే, నోటితో వేసుకుంటే మీ ఒంటికి ఎందుకు పట్టట్లేదు? దానికి జవాబు ఉంటేనే సూది దాకా రావాలి. పేగు కొంత తీసేసినవాళ్ళు, కడుపుతో ఉండి మంచినీళ్ళు కూడా నిలవకుండా వాంతులయ్యేవాళ్ళు, తిన్నది పట్టని పేగు జబ్బులున్నవాళ్ళు, ఐరన్ మాత్రలు పడనివాళ్ళు, వీళ్ళకి నరంలోంచి ఇవ్వడం నిజంగా వైద్యమే. ఇవేం లేకుండా ఊరికే నీరసంగా ఉందంటే మాత్రం ముందు రక్త పరీక్ష చేయించుకోండి, ఎందుకంటే ఆ నీరసం వెనక థైరాయిడ్ ఉండొచ్చు, షుగర్ ఉండొచ్చు, రక్తం తక్కువై ఉండొచ్చు, డ్రిప్ పెట్టించుకుని రెండ్రోజులు బాగున్నట్టే అనిపించి అసలు జబ్బు బయటపడటం ఆలస్యమైపోతుంది, నా భయమల్లా అదే. అన్నీ నార్మల్‌గా ఉన్నవాళ్ళకి ఈ డ్రిప్‌ల వల్ల లాభం ఉందని చెప్పడానికి గట్టి ఆధారాలు లేవు, ఇది ముందే తెలుసుకుని రండి.

అసలు నరంలో ఇస్తే తేడా ఏంటంటే, మన పేగు కాపలాదారు లాంటిది. విటమిన్ సి నోటితో ఒకేసారి ఒక గ్రాము దాటి వేసుకుంటే సగం కూడా లోపలికి రానివ్వదు, మిగతాది బయటికి పంపించేస్తుంది. డ్రిప్‌లో ఆ కాపలా ఉండదు, ఇచ్చిందంతా నేరుగా రక్తంలోకే. మందు ఎంత సూటిగా పనిచేస్తుందో పొరపాటు కూడా అంతే సూటిగా తగులుతుంది, ఎక్కువైందని కక్కేసే దారి కూడా లేదు, అంతా కిడ్నీల మీదే పడుతుంది.

అందుకే పరీక్షల దగ్గర మొహమాటపడొద్దు. కిడ్నీ కోసం క్రియాటినిన్, ఒంట్లో లవణాలు ఎలా ఉన్నాయో చూడటానికి ఎలక్ట్రోలైట్స్, ఏ విటమిన్ లోపం అనుకుంటున్నారో దాని లెవెల్, హై డోస్ విటమిన్ సి అంటే మాత్రం జీ6పీడీ పరీక్ష తప్పనిసరి. ఈ జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువున్నవాళ్ళు ఉంటారు, మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి చాలామందికి తెలియను కూడా తెలియదు, అలాంటి ఒంట్లోకి గ్రాములకొద్దీ విటమిన్ సి వెళ్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తుంది, కళ్ళు పచ్చబడతాయి, ప్రాణం మీదకే రావొచ్చు. ఇక కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు ఆ మాట గట్టిగా చెప్పాలి, విటమిన్ సి ఒంట్లో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది, చాలా రాళ్ళలో ఉండేది అదే. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి బాటిల్లో నీళ్ళే బరువైపోతాయి, ఒంట్లో ఐరన్ పేరుకుపోయే జబ్బున్నవాళ్ళకి విటమిన్ సి మంచిది కాదు.

వాడుతున్న మందులన్నీ రాసుకెళ్ళండి, సగం గుర్తుండి సగం మర్చిపోవడం ఇక్కడ కుదరదు. డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవాళ్ళకి నరంలో కాల్షియం ఇస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కాల్షియంతో కలిస్తే గడ్డకట్టి పొడిలా తేలుతుంది. చాలా ఏళ్ళుగా మద్యం తాగేవాళ్ళకి, రోజుల తరబడి తిండి లేనివాళ్ళకి గ్లూకోజ్ కంటే ముందు థయామిన్, అంటే బీ1, ఇవ్వాలి, లేకపోతే మెదడు దెబ్బతినొచ్చు.

మయర్స్ కాక్‌టెయిల్ అనే విటమిన్ డ్రిప్ పేరు చాలా చోట్ల వినిపిస్తుంది. అమెరికాలో బాల్టిమోర్‌లో ఉండే జాన్ మయర్స్ అనే డాక్టర్ ఇచ్చేవారు, 1984లో ఆయన పోయాక అలన్ గాబీ అనే ఇంకో డాక్టర్ మెగ్నీషియం, కాల్షియం, బీ విటమిన్లు, విటమిన్ సి కలిపి తనకు తోచిన పాళ్ళలో దాన్ని మళ్ళీ తయారుచేసి ప్రచారంలోకి తెచ్చారు. కాబట్టి పేరు ఒకటే అయినా ఒక్కోచోట ఒక్కో పాళ్ళు, పేరు విని సరే అనకండి, ఏది ఎన్ని మిల్లీగ్రాములో కాగితం మీద రాయించుకోండి. రంగు తెల్లబడుతుందని గ్లూటాథయోన్ డ్రిప్ అడిగేవాళ్ళు కూడా ఉన్నారు, చర్మం తెల్లబడటానికి అని అమెరికాలో మందుల్ని ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ ఏ ఇంజెక్షన్‌నీ ఆమోదించలేదు, ఆ పని కోసం నరంలోకి సూది దింపించుకోవద్దని బతిమాలి చెప్తున్నా.

ఇక కుర్చీలో కూర్చున్నాక. ముందు బాటిల్ మీద మీ పేరు, కలిపిన మందులు, కలిపిన టైమ్ రాసి ఉందా చూడండి. మందు మీ కళ్ళముందే కలపమని అడగొచ్చు, అందులో తప్పేం లేదు. చేతులు కడుక్కున్నారా, వయల్ (మందు ఉండే చిన్న సీసా) మీది రబ్బరు మూత స్పిరిట్‌తో తుడిచారా, చేతి మీద రాసిన స్పిరిట్ ఆరాకే గుచ్చుతున్నారా, క్యానులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) ప్యాకెట్ అప్పుడే చింపారా, ఇవి చూడండి. డాక్టర్ బిల్డింగ్‌లో ఉన్నారా, అడ్రినలిన్ ఇంజెక్షన్ చేతికందేంత దగ్గర్లో ఉందా అని కూడా అడగండి, అలర్జీ రియాక్షన్ అరుదే కానీ వస్తే నిమిషాల్లో ముదురుతుంది, థయామిన్‌కి కూడా వచ్చిన సందర్భాలున్నాయి.

చుక్కల లెక్క మీక్కూడా తెలిసుంటే మంచిది. మామూలు డ్రిప్ సెట్‌లలో చాలావాటికి 20 చుక్కలు ఒక ఎంఎల్, ప్యాకెట్ మీద రాసే ఉంటుంది. 250 ఎంఎల్ రెండు గంటల్లో ఎక్కాలంటే 250ని 20తో గుణించి 120 నిమిషాలతో భాగించాలి, నిమిషానికి దాదాపు 42 చుక్కలు. వాచీ పెట్టుకుని చుక్కలు పడే చాంబర్‌లో 15 సెకన్లు లెక్కపెడితే పది, పదకొండు పడాలి.

ఇది నేను ఎందుకింత పట్టుబట్టి చెప్తున్నానంటే, పనిలో చేరిన కొత్తలో ఒకావిడ ఇంటికెళ్ళాలి కాస్త స్పీడ్ పెట్టమ్మా అంటే పాపం అనిపించి ట్యూబు మీద చుక్కల స్పీడ్ మార్చే రోలర్ పైకి జరిపాను. అందులో మెగ్నీషియం ఉంది. రెండు మూడు నిమిషాల్లోనే ఒళ్ళంతా వేడి సెగలు వస్తున్నాయి అంది, మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయి తల వాల్చేసింది. డ్రిప్ ఆపి, పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి డాక్టర్ని కేకేశాను, బీపీ బాగా పడిపోయింది, అరగంటకి తేరుకుంది. తప్పు పూర్తిగా నాదే, ఆవిడ అడిగినా నేను జరపకూడదు. ఆ రోజు నుంచి రోలర్ ఎవరు అడిగినా ముట్టుకోను, మీరు కూడా తొందరపెట్టకండి, మీ చేత్తో అసలే తిప్పకండి.

సూది దగ్గర చల్లగా, బిర్రుగా వాచిందంటే మందు నరంలోకి కాకుండా బయటికి పోతోంది, వెంటనే ఆపించండి, మళ్ళీ వేరే చోట గుచ్చాల్సిందే. గొంతు బిగుసుకున్నట్టున్నా, దద్దుర్లు వచ్చినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా, చలి పుట్టి వణుకొచ్చినా కొంచెం చూద్దాంలే అని ఓర్చుకోవద్దు, నర్సు బిజీగా ఉన్నా గట్టిగా పిలవండి. ట్యూబులో చిన్న చిన్న గాలి బుడగలు కనిపిస్తే కంగారుపడేది లేదు, కానీ చెప్పండి, తీసేస్తాం.

అయ్యాక దూది గట్టిగా నొక్కి పట్టుకోండి, రుద్దకండి. మూత్రం పసుపు పచ్చగా వస్తే అది బీ2 రంగు, భయం లేదు. రెండు మూడు రోజుల్లో గుచ్చిన చోటి నుంచి పైకి ఎర్రటి గీతలా వేడిగా, నొప్పిగా ఉంటే, లేదా జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకో ముఖ్యమైన మాట, హై డోస్ విటమిన్ సి ఎక్కాక చాలా గ్లూకోమీటర్లు షుగర్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తాయి, ఆ అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు, కాబట్టి ఎన్ని గంటలు మీటర్‌ని నమ్మకూడదో, ఆ లోపు ల్యాబ్‌లో నరం రక్తంతో ఎప్పుడు చూపించుకోవాలో డ్రిప్ మొదలుపెట్టక ముందే డాక్టర్‌తో రాయించుకోండి.